క్లిప్పా, కాయిలా అనే ముందు

పిల్లాడి మెదడులో ఎన్యూరిజం (రక్తనాళం గోడ బలహీనపడి బుడగలా ఉబ్బడం) ఉందని తేలగానే ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే: పుర్రె తెరిచి బుడగ మెడకు క్లిప్పు పెడతారా, తొడలోంచి తీగ పంపి బుడగను కాయిల్ అనే సన్నని లోహపు చుట్టతో నింపుతారా? అడగాల్సిందే, కానీ తర్వాత. రక్తనాళం అక్కడ ఎందుకు ఉబ్బిందో ముందు తేలాలి.

పెద్దవాళ్లలో దీని వెనక తరచూ ఏళ్ల తరబడి బీపీ, పొగతాగుడు ఉంటాయి. నాళం రెండుగా చీలే చోట మెడ ఉన్న చిన్న సంచి వేలాడుతుంది. పిల్లల్లో జబ్బే అరుదు, మొత్తం ఎన్యూరిజమ్‌లలో 5 శాతం లోపే. 25 మిల్లీమీటర్లు దాటిన పెద్ద బుడగలు మాత్రం వీళ్లలోనే ఎక్కువ పాళ్లలో కనిపిస్తాయి. చాలాసార్లు గోడ లోపొర చిరిగి నాళం మొత్తం కదురులా ఉబ్బుతుంది. మెడే లేనప్పుడు క్లిప్పు దేన్ని పట్టుకోవాలి, కాయిల్ ఎక్కడ నిలవాలి? అందుకే అలాంటి చోట నాళాన్నే మూసేయడం, అవసరమైతే ముందు రక్తానికి వేరే దారిగా బైపాస్ కుట్టడం, లేదా రక్తాన్ని బుడగలోకి పోనివ్వకుండా నాళం వెంటే మళ్లించే ఫ్లో డైవర్టర్ అనే సన్నని జాలీ గొట్టం పెట్టడం.

గుండె కవాటానికి ఇన్ఫెక్షన్ సోకిన పిల్లల కథ వేరు. కవాటం మీది క్రిముల ముద్ద తునక ఊడి, మెదడులో చివరి కొమ్మల్లో ఇరుక్కుని గోడను కొరికేస్తుంది. దీన్ని మైకోటిక్ అంటారు గానీ పేరు మోసం చేస్తుంది. ఎక్కువసార్లు కారణం ఫంగస్ కాదు, బ్యాక్టీరియా. యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే బ్లడ్ కల్చర్లు (రక్తంలోని క్రిమిని పెంచి గుర్తించే పరీక్ష) తీయాలి. ఆ తర్వాత తీస్తే ఏ మందు పనిచేస్తుందో చెప్పే ఆధారమే పోవచ్చు. కోర్సు సాధారణంగా 4 నుంచి 6 వారాలు, నరంలోకే. పగలని చిన్న బుడగ ఒక్కోసారి మందులతోనే మాయమవుతుంది, ఒక్కోసారి మందులు నడుస్తుండగానే పెరుగుతుంది. కాబట్టి మధ్యలో యాంజియోగ్రామ్ (మందు ఎక్కించి రక్తనాళాలను చూసే పరీక్ష) మళ్లీ చేయాలి. పెరిగినా పగిలినా ఆ కొమ్మను జిగురుతోనో కాయిల్‌తోనో మూస్తారు. కవాటం మార్చే ఆపరేషన్‌లో రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ తప్పదు, అందుకే మెదడు సంగతి ముందే తేల్చుకోవాలి.

తలకు దెబ్బ తగిలాక మొదటి సీటీ బాగుందని ఊరుకోలేం. గాయంతో వచ్చే బుడగ రెండు మూడు వారాల తర్వాత కూడా పగలొచ్చు. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, వాంతులు, ఫిట్స్, ఒక కన్ను రెప్ప వాలి కనుపాప పెద్దదవడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు.

చిన్న ఒంట్లో లెక్కలు బిగుతు. పది కిలోల బిడ్డలో రక్తం మొత్తం సుమారు 800 మిల్లీలీటర్లు. నాళాలు కనబడేందుకు ఎక్కించే కాంట్రాస్ట్ మందుతో పాటు క్యాథెటర్లలో (నాళంలోకి పంపే సన్నని గొట్టాల్లో) ఆగకుండా పారే సెలైన్‌ను కూడా లెక్కలో వేయాలి. తొడ ధమని సన్నం, పట్టేసి మూసుకుపోగలదు. ప్రొసీజర్ అయ్యాక ఆ పాదం చల్లబడిందా, నాడి అందుతోందా అని పదే పదే చూడాలి.

ఫ్లో డైవర్టర్ పెడితే అందులో రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, తోడుగా క్లోపిడోగ్రెల్ నెలల తరబడి వాడాలి. ఆస్పిరిన్ మీదున్న బిడ్డకు ఫ్లూ గానీ చికెన్‌పాక్స్ గానీ వస్తే రేయ్స్ (Reye's) సిండ్రోమ్ భయం ఉంటుంది, కాలేయం, మెదడు రెండూ దెబ్బతింటాయి. ఫ్లూ ఇంజెక్షన్ ఇప్పించండి. చికెన్‌పాక్స్ టీకా వేశాక 6 వారాలు ఆస్పిరిన్ వద్దంటారు కాబట్టి ఆ తేదీ ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. జ్వరమొస్తే ఆస్పిరిన్ సంగతి అదే రోజు ఫోన్ చేసి అడగండి, మీ అంతట మీరు ఆపేస్తే గొట్టంలో గడ్డ కట్టొచ్చు.

ఇంటికి వెళ్లేటప్పుడు యాంజియో సీడీ, పెట్టిన కాయిల్ లేదా స్టెంట్ (ఫ్లో డైవర్టర్ లాంటి జాలీ గొట్టం) కార్డు తప్పక అడిగి తీసుకోండి. ఏళ్ల తరబడి స్కాన్లు ఉంటాయి, ప్రతి ఎమ్మారై గది దగ్గరా ఆ కార్డే అడుగుతారు.