హిమాద్రిలో గాలిని కొలిచిన రోజులు

తిరుపతిలో గాలిలోని మసిని కొలవడం సులభం. బస్టాండు చుట్టూ ఆగని రాకపోకలు, ఘాట్ రోడ్డెక్కే వాహనాలు, చలికాలపు తెల్లవారుజామున వేసుకునే చలిమంటలు, అన్నీ పరికరంలో స్పష్టంగా కనిపిస్తాయి. ఇక్కడ ఈ మసిని, అంటే బ్లాక్ కార్బన్‌ను, ఘనపు మీటరుకు మైక్రోగ్రాములలో లెక్కిస్తాం. ఆర్కిటిక్‌లో అదే పదార్థం సాధారణంగా పదుల నానోగ్రాములకు (నానోగ్రాము అంటే మైక్రోగ్రాములో వెయ్యో వంతు) మించదు. పరిశోధక విద్యార్థిగా స్వాల్‌బార్డ్ దీవులలో ఉన్న భారత పరిశోధన కేంద్రం హిమాద్రికి వెళ్ళినప్పుడు చలి కన్నా ఈ తేడాయే నన్ను ఎక్కువగా పరీక్షించింది.

2008 జూలై 1న ప్రారంభమైన హిమాద్రిని గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం నడుపుతోంది. ప్రతిపాదన, ఎంపిక, వైద్య పరీక్షలు వరుసగా జరిగిపోయాయి. వీసా దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం: స్వాల్‌బార్డ్ నార్వే పాలనలోనే ఉన్నా షెంగెన్ (ఐరోపా దేశాల ఉమ్మడి వీసా ప్రాంతం) పరిధిలోకి రాదు కనుక, ఓస్లో మీదుగా వెళ్ళి వచ్చేవారికి రెండుసార్లు ప్రవేశించడానికి వీలుండే వీసా కావాలి. లాంగియర్‌బ్యెన్ వరకు పెద్ద విమానం, అక్కడి నుంచి హిమాద్రి ఉన్న నీ-ఓలెసుండ్‌కు చిన్న విమానం. ఒకప్పుడు బొగ్గు గనుల ఊరైన నీ-ఓలెసుండ్‌లో 1962 నాటి ప్రమాదం తరువాత తవ్వకాలు ఆగిపోయాయి. ఇప్పుడక్కడ ఉన్నవి వివిధ దేశాల పరిశోధన కేంద్రాలే.

ఊరి హద్దు దాటేవారి వెంట ధ్రువపు ఎలుగుబంట్ల నుంచి రక్షణకు తుపాకీ ఉండాలి, దానికి శిక్షణ కూడా ఉంటుంది. ఎవరైనా పరుగెత్తి లోపలికి చేరేందుకు వీలుగా ఇళ్ళకు తాళాలు వేయరు. చాలా భవనాలలో బూట్లు గుమ్మం దగ్గరే విప్పాలి. ఈ ఒక్క నియమం మాత్రం మన వాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. భోజనం అందరికీ ఒకే శాలలో, నిర్ణీత వేళలకు. "అంత చలిలో ఏం తింటావు నాయనా" అని అమ్మ కట్టిచ్చిన చెనక్కాయల పొడి పక్క బల్లల వాళ్ళకు కూడా నచ్చింది. అతి దూరపు గెలాక్సీల నుంచి వచ్చే బలహీనమైన రేడియో తరంగాలను అక్కడి యాంటెన్నాలు గ్రహిస్తాయి కనుక వైఫై, బ్లూటూత్ వాడకూడదు. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ల్యాప్‌టాప్‌కు తీగ తగిలించి ఇంటికి మాట్లాడేవాణ్ణి.

నేను వెళ్ళింది వసంతంలో. శీతాకాలం నుంచి వసంతం దాకా మధ్య అక్షాంశాల కాలుష్యం ఉత్తరానికి చేరి ఆర్కిటిక్ మీద పలుచని మబ్బులా పరచుకుంటుంది. అందులోని మసి మంచు మీద పడితే అది ఎండను తక్కువగా తిప్పికొట్టి, త్వరగా కరుగుతుంది. ఏప్రిల్ మూడో వారం నుంచి సూర్యుడు అస్తమించడు. నిద్రకు మందపాటి తెరలే దిక్కు.

మసిని కొలిచే పరికరమైన ఎథలోమీటర్ గాలిని పీల్చి ఫిల్టర్ టేపు మీదుగా పంపుతుంది. మసి పేరుకుని మచ్చ నల్లబడే కొద్దీ దాని గుండా వెళ్ళే కాంతి తగ్గుతుంది, ఆ తగ్గుదల నుంచి మసి ఎంతో లెక్కిస్తాం. తిరుపతిలో టేపు త్వరత్వరగా ముందుకు జరుగుతుంది. హిమాద్రిలో ఒకే మచ్చ మీద గంటల తరబడి నిలిచిపోతుంది. నిమిషానికొకసారి వచ్చే అంకెలలో అర్థంలేని ఊగిసలాటే ఎక్కువ, కొన్ని మైనస్‌లోకి కూడా పోతాయి. వాటిని తీసేయాలని చేయి లాగుతుంది గాని, మైనస్‌లను మాత్రమే తొలగిస్తే సగటు అసలు కన్నా పెరిగిపోతుంది. అన్నింటినీ ఉంచి, గంటకో అంతకన్నా ఎక్కువ వ్యవధికో సగటు తీయడమే సరైన పద్ధతి.

అంతకన్నా చిక్కు మన సొంత పొగతో. ఊరికి కరెంటు డీజిల్ జనరేటర్ల నుంచి వస్తుంది. గాలి ఊరి వైపు నుంచి వీచినా, దగ్గరలో స్నో స్కూటర్ పోయినా విలువ ఒక్కసారిగా ఎగురుతుంది. అందుకే పరికరం దగ్గరికి నడిచే వెళ్ళేవాళ్ళం. గాలి దిశ, వేగం, ఎవరు ఎప్పుడు ఏ వాహనంలో వచ్చారన్నది పుస్తకంలో రాసుకునేవాణ్ణి. ఈ రాత లేకపోతే సైబీరియా నుంచి వచ్చిన మసికీ పక్కింటి జనరేటర్ మసికీ తేడా చెప్పలేం.

జర్మనీ, ఫ్రాన్స్‌ల ఉమ్మడి కేంద్రం వాళ్ళు రోజూ వదిలే వాతావరణ బెలూన్ చూడటానికి వీలైనప్పుడల్లా వెళ్ళేవాణ్ణి. తిరుపతికి దగ్గరలోని గాదంకి వాతావరణ పరిశోధనశాలలో సాయంత్రం ఎగిరే బెలూన్లను చూస్తూ చదువుకున్న వాణ్ణి. బెలూన్‌కు కట్టి పైగాలిని కొలిచే అదే రేడియోసాండ్, అదే హీలియం, చేతికి మాత్రం మందపాటి గ్లవుజులు. ఉష్ణమండలంలో ట్రోపోపాజ్, అంటే వాతావరణపు అడుగు పొర ముగిసే హద్దు, పదహారు, పదిహేడు కిలోమీటర్ల ఎత్తున ఉంటే, అక్కడ తొమ్మిది కిలోమీటర్ల చుట్టుపక్కలే తగిలేది.

తిరిగివచ్చే ముందు అంకెలన్నింటికీ గుర్తులు పెట్టాలి: ఊరి పొగ పడిన గంటలు ఇవి, టేపు మార్చిన సమయం ఇది, అనుమానం ఉన్నవి ఇవి. ఆ పుస్తకాన్ని తరువాతి బృందంలోని పరిశోధకురాలికి అప్పగించి, ఒక పూటంతా కూర్చుని ఏ గాలికి ఏది నమ్మవచ్చో ఆమెకు వివరించాను.