ఏ లైన్‌లో ఉంది? సీశాట్ ప్యాసేజ్‌లతో నా ఏడాది

నిన్న సివిల్స్ ప్రిలిమ్స్ ఫలితాలు వచ్చాయి. లిస్టులో నా నంబరు ఉంది. హాల్ టికెట్ పక్కన పెట్టుకుని అంకె అంకె సరిచూసుకున్నాకే మా నాయనకు ఫోన్ చేశాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఎలాగూ మేలుకునే ఉన్నాను కాబట్టి ఇది రాస్తున్నాను. ఈ ఏడాది నన్ను పీడించింది పాలిటీ కాదు, ఎకానమీ కాదు. పది పదిహేను లైన్ల ఇంగ్లిష్ ప్యాసేజ్ చదివి, కింద ఉన్న నాలుగు ఆప్షన్లలో సరైనది పట్టుకోవడం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం ఒక్క ముక్క. ప్రిలిమ్స్‌లో ఉదయం 9:30కి జీఎస్, అంటే జనరల్ స్టడీస్. మధ్యాహ్నం 2:30కి సీశాట్, అంటే ప్యాసేజ్‌లు, లెక్కలు, లాజిక్ ఉండే పేపర్. సీశాట్‌లో 80 బిట్లు, 200 మార్కులు, రెండు గంటలు. ఒప్పుకు 2.5 మార్కులు, తప్పుకు అందులో మూడో వంతు కోత. 2011లో మొదలైనప్పుడు ఈ మార్కులు కూడా మెరిట్‌లో కలిసేవి. 2014లో ఢిల్లీలో అభ్యర్థులు రోడ్డెక్కాక, 2015 నుంచి 33 శాతం, అంటే 66 మార్కులు వస్తే చాలన్నారు. ఆ 'చాలు' అన్న మాటే నా కొంప ముంచింది. సీనియర్లు ఎవర్ని అడిగినా "క్వాలిఫయింగే కదా, చివరి నెలలో చూసుకో" అన్నారు. అలా చెప్పినవాళ్లలో సగం మంది ఇంజినీరింగ్ చదివినవాళ్లు. వాళ్లు లెక్కలతోనే గట్టెక్కుతారు. నేను తెలుగు మీడియంలో బీఏ చదివాను.

2023 మే 28న రాశాను. ఆ ఏడు సీశాట్ ఎంత కష్టంగా వచ్చిందంటే, 33 శాతాన్ని 23కి తగ్గించమని కొందరు ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. ఊరట దొరకలేదు. జీఎస్ బాగా రాశానని నాకు తెలుసు. సీశాట్ మాత్రం ఒక కోచింగ్ సెంటర్ ఇచ్చిన జవాబుల కీ ప్రకారం 71, ఇంకో సెంటర్ కీ ప్రకారం 63. తేడా అంతా ప్యాసేజ్‌లలోనే. లెక్కకు జవాబు అందరికీ ఒకటే వస్తుంది కానీ, ప్యాసేజ్ దగ్గర ఆ మాస్టార్లకే మాట కలవలేదు. లిస్టులో నా నంబరు లేదు. ప్రిలిమ్స్‌లో పోయినవాళ్లకు మార్కులు చెప్పేది ఇంటర్వ్యూలు కూడా అయిపోయి, ఆ ఏటి ఫైనల్ రిజల్ట్ వచ్చాకే. దాదాపు ఏడాది పాటు ఎక్కడ పోయానో తెలియకుండానే చదివాను.

ఆగస్టులో హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఒక చోట సీశాట్ బ్యాచ్‌లో చేరాను. పేరు రాయను. నా కడుపుమంట మాత్రం రాస్తాను.

మూడో వారంలో ఒక మాక్ టెస్ట్ పెట్టారు. అందులో ఒక ప్యాసేజ్ సారాంశం ఇది: చిన్న రైతుకు ఊరటగా ఉండాలని వ్యవసాయానికి కరెంటు ఉచితంగా ఇచ్చారు. నీళ్లు తోడటానికి ఖర్చు లేకపోవడంతో వాడకం పెరిగి నీటిమట్టం పడిపోయింది. బోరు ఇంకా లోతుకు దించుకోగలిగినవాడు నిలబడ్డాడు, దించుకోలేనివాడి పొలం ఎండింది. దీని నుంచి తేలేది ఏమిటన్నది ప్రశ్న. ఆప్షన్లు నాలుగు. ఉచిత కరెంటు రద్దు చేయాలి. చిన్న రైతు బోరు ఖర్చును ప్రభుత్వం భరించాలి. ఎవరికి మేలు చేయాలని ఒక ఏర్పాటు చేశారో వాళ్లకే దానివల్ల చేటు జరగవచ్చు. తక్కువ నీటితో పండే పంటలే వేయాలి.

నేను బోరు ఖర్చు ఆప్షన్ పెట్టాను. పేపర్లు తిరిగి ఇస్తూ సార్ నన్ను లేపి, "ఇది ఎందుకు పెట్టావ్?" అని అడిగారు. మాది అనంతపురం జిల్లా. మా నాయన మూడు బోర్లు వేయించాడు. మూడోది వేసిన రాత్రి నేను రిగ్గు పక్కనే ఉన్నాను. 700 అడుగులు దాటినా తెల్లటి దుమ్మే లేచింది. తెల్లారేసరికి వేపచెట్టు ఆకులన్నీ పిండి చల్లినట్టున్నాయి. ఆ అప్పు నా డిగ్రీ మూడేళ్లూ కట్టాం. ప్యాసేజ్ చదువుతున్నంతసేపూ నాకు ఆ చెట్టే కనపడింది. సార్ అడిగితే అదే చెప్పాను. దుమ్ము సంగతి, అప్పు సంగతి, చిన్న రైతు మళ్లీ బోరు వేయాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించక తప్పదన్న సంగతి.

సార్ చివరి దాకా విన్నారు. తర్వాత, "మీ నాన్నగారి బోరు అడగలేదు. నువ్వు పెట్టిన ఆప్షన్ ప్యాసేజ్‌లో ఏ లైన్‌లో ఉంది? చదువు" అన్నారు. పేపర్ చేతిలోకి తీసుకున్నాను. మొదటి లైన్ నుంచి చివరి దాకా కళ్లతో వెతికాను. సబ్సిడీ మాట లేదు. ప్రభుత్వం ఇకపై ఏం చేయాలన్న మాటే లేదు. జరిగింది చెప్పి ఊరుకున్నారు. నేను అలా నిలబడే ఉన్నాను. "ఇది టెన్త్ క్లాస్ స్థాయి ప్యాసేజ్, పైకి చదువు" అన్నారు మళ్లీ. పైకి చదవడం మొదలుపెట్టాను. రెండో వాక్యంలో ఒక ఇంగ్లిష్ మాట నోరు తిరగలేదు. వెనక బెంచీల నుంచి నవ్వు వినిపించింది. ముందు ఒకరిద్దరు, తర్వాత చాలామంది. సార్ ఆపలేదు.

ఆ రోజు నుంచి పదకొండు రోజులు క్లాసుకు పోలేదు. ఫీజు కట్టేశాను, పోయిందనుకున్నాను. అడగాల్సిన ప్రశ్న సరిగ్గా అదే, ఆ సంగతి ఇప్పుడు ఒప్పుకుంటాను. కానీ పల్లె నుంచి వచ్చిన పిల్లవాణ్ణి వంద మంది ముందు నిలబెట్టి ఉచ్చారణకు నవ్వించడం పాఠం చెప్పడం కాదు. పరీక్షలో ఎవరూ పైకి చదవమనరు. ప్రిలిమ్స్ పేపర్ హిందీలో, ఇంగ్లిష్‌లోనే ఇస్తారు. తర్వాతి దశ అయిన మెయిన్స్ జీఎస్ పేపర్లు తెలుగులో రాయనిస్తారు, నేను అలాగే రాయబోతున్నాను. తెలుగులో పరిపాలన గురించి పుటలకు పుటలు రాయగలిగినవాడి అవగాహనను, అతనిది కాని భాషలో కొలిచి బయట నిలబెట్టడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది. హిందీవాళ్లు కూడా తమ అనువాదం అర్థం కావడం లేదనే అప్పట్లో రోడ్డెక్కారు. మనకు ఆ అర్థంకాని అనువాదం కూడా లేదు.

నన్ను మళ్లీ కూర్చోబెట్టింది మా రూమ్మేట్. ఖమ్మం అన్న. జరిగింది విని ఆయన నవ్వలేదు. కాసేపు ఊరుకుని, "తమ్ముడూ, నీకు ఇంగ్లిష్ రాక తప్పు పెట్టలేదు. ప్యాసేజ్ నీకు అర్థమైంది. అర్థమయ్యాక దాన్ని పక్కన పెట్టి నువ్వు జవాబు చెప్పావు" అన్నాడు. తర్వాత పాత సీశాట్ పేపర్ తీసి, ప్యాసేజ్‌ల ముందు రాసి ఉండే సూచన చూపించాడు. జవాబులు ప్యాసేజ్‌ల ఆధారంగా మాత్రమే ఉండాలని అక్కడ ఇంగ్లిష్‌లో ఉంటుంది. అన్నేళ్లూ ఆ లైన్ దాటేసి ప్యాసేజ్‌లోకి దూకాను.

ఆ రాత్రి నుంచి మా లెక్క మారింది. పరీక్ష పెట్టే యూపీఎస్సీ కమిషన్ వెబ్‌సైట్‌లో పాత పేపర్లు, వాటి కీలు ఉచితంగా దొరుకుతాయి. అవి ప్రింట్ తీయించాం. రోజుకు ఐదు ప్యాసేజ్‌లు. ఆప్షన్ల మీద అట్టముక్క పెట్టి ముందు ప్యాసేజ్ ఒక్కటే చదవాలి. చదివాక రాసినాయన ఏమంటున్నాడో నోట్‌బుక్‌లో తెలుగులో ఒకే వాక్యం రాయాలి. రెండో వాక్యం రాయకూడదు. అప్పుడు అట్ట తీయాలి. నేను ఆప్షన్ చెబితే అన్న అడిగేది ఒకటే ప్రశ్న, "ఏ లైన్?" నేను పెన్సిల్ మొన పెట్టి చూపించాలి. చూపించలేకపోతే ఆ ఆప్షన్ పోయినట్టే, అది లోకంలో ఎంత నిజమైనా సరే. క్లాసులో అవమానంగా వినిపించిన ప్రశ్నే, మంచం మీద ఎదురుగా కూర్చున్న అన్న నోట వింటే మందులా పనిచేసింది.

మొదట్లో నాకు ఒక్కో ప్యాసేజ్‌కు నాలుగు నిమిషాలు పట్టేది. 80 బిట్లకు 120 నిమిషాలంటే బిట్టుకు నిమిషంన్నర. నేను ప్రతి వాక్యాన్నీ తలలో తెలుగు చేసుకుంటూ పోయేవాణ్ణి, ఆలస్యం అక్కడే. వాక్యం వాక్యం కాకుండా చివర్లో ఒక్కసారే తెలుగు చేయడం అలవాటయ్యాక రెండు నిమిషాల్లోపు వచ్చింది. అందుకు మూడు నెలలు పట్టింది.

తప్పు ఆప్షన్ ఎందుకు తప్పో కూడా పక్కన రాసుకున్నాను. 'లేదు' అంటే ప్యాసేజ్‌లో ఆ మాటే లేదు. 'మించింది' అంటే కొంతవరకు ఉంది కానీ ఆప్షన్ ఇంకా ముందుకు పోయింది. 'కావచ్చు' అన్నదాన్ని 'తప్పదు' అనడం, 'కొన్ని' అన్నదాన్ని 'అన్నీ' అనడం. 'ముక్క' అంటే నిజమే, కానీ మొత్తంలో ఒక ముక్క మాత్రమే. సారం అడిగిన ప్రశ్నల్లో నేను ఎక్కువగా ఈ ముక్కలకే పడిపోయాను. నెల తర్వాత చూసుకుంటే నా తప్పుల్లో సగానికి పైగా 'మించింది' అనే రాసి ఉంది. మనసులో అభిప్రాయం గట్టిగా ఉన్న విషయాల్లోనే అలా జరిగింది: వ్యవసాయం, రిజర్వేషన్లు, ఊరి బడులు. అంతరిక్షం మీదో, సూక్ష్మజీవుల మీదో ఇస్తే చక్కగా పెట్టాను.

అన్నిటికంటే మొండివి 'అసంప్షన్' ప్రశ్నలు. ప్యాసేజ్ ఇచ్చి, కింద రెండు ఊహలు ఇచ్చి, ఒకటే సరైనదా, రెండోదా, రెండూనా, రెండూ కాదా అంటారు. ఇక్కడ 'ఏ లైన్' పనిచేయదు, ఎందుకంటే ఊహ పైకి చెప్పరు. మాట కింద ఉంటుంది. అన్న దీనికి వేరే దారి చెప్పాడు: ఆ ఊహ అబద్ధం అనుకుని చూడు, రాసినాయన మాట నిలబడుతుందా? ఊరికి ఇంటర్నెట్ వస్తే రైతు మార్కెట్ ధర తెలుసుకుని దళారి చేతిలో మోసపోడు అని ప్యాసేజ్ అంటోంది అనుకుందాం. ఒకటో ఊహ, ధర తెలియకపోవడం రైతు మోసపోవడానికి ఒక కారణం. ఇది అబద్ధమైతే ఇంటర్నెట్ వచ్చి లాభం లేదు, ఆయన వాదన కూలిపోతుంది. కాబట్టి అది ఊహే. రెండో ఊహ, దళారులు లేకుండా చేయాలి. ఇది అబద్ధమైనా ఆయన మాటకు ఏమీ కాదు. ఇది కాదు. ఇలా ఓ వంద బిట్లు చేశాక చెయ్యి తిరిగింది.

కమిషన్ కీలో జవాబులు కొన్ని నేను ఇప్పటికీ ఒప్పుకోను. అయినా వాటితో వాదించడం మానేసి, వాళ్లు ఎటు మొగ్గారో రాసుకున్నాను. మీరూ కోచింగ్ సెంటర్లు తయారుచేసిన ప్యాసేజ్‌ల మీద పడకండి. వాళ్ల ప్యాసేజ్ వాళ్లదే, కీ వాళ్లదే, అది సరైనదో కాదో తేల్చేవాడు లేడు. ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్ రోజూ చదివితే వచ్చేస్తుందన్నవాళ్ల మాట నమ్మి నేను నాలుగు నెలలు పోగొట్టుకున్నాను. మాటలు తెలిశాయి, బిట్లు రాలేదు. చదవడం వేరు, చదివినదానికి కట్టుబడి ఉండటం వేరు.

2024 ఏప్రిల్ 16న పోయిన ఏటి ఫైనల్ రిజల్ట్ వచ్చింది. తర్వాత మార్కులు చూసుకున్నాను. జీఎస్‌లో 84. జనరల్ కటాఫ్ 75.41. సీశాట్‌లో 65.00. కావాల్సింది 66. ఒక్క మార్కు. తప్పు పెట్టిన ప్యాసేజ్ బిట్ ఒక్కటి ఊరికే వదిలేసి ఉన్నా, కోత తగ్గి 65.83 అయ్యేది, అప్పటికీ పోయేది. ఆ ఒక్క బిట్ సరిగ్గా పెట్టి ఉంటే 68.33. ఫోన్ అన్న చేతిలో పెట్టాను. ఆయన చాలాసేపు దాన్నే చూస్తూ, "ఐదు కాదు, ఇవాళ్టి నుంచి ఎనిమిది చేద్దాం" అన్నాడు.

లోక్‌సభ ఎన్నికల వల్ల పరీక్ష మే 26 నుంచి జూన్ 16కి వాయిదా పడింది. ఆ మూడు వారాలు కలిసొచ్చాయి. రోజూ మధ్యాహ్నం 2:30 నుంచి 4:30 దాకా రీడింగ్ రూమ్‌లో ఫ్యాన్ లేని మూల కూర్చుని పూర్తి పేపర్ చేశాను. ఉదయం జీఎస్ రాసి తల బరువెక్కాక, అన్నం తిన్న మత్తులో ప్యాసేజ్ చదవాలి కాబట్టి అదే గంటలో అలవాటు చేసుకోవాలి. ఈ ఒక్కటీ అందరికీ చెబుతాను.

అప్లికేషన్, ఫోటో, సెంటర్, ఏదీ ఇబ్బంది కాలేదు. హాల్లో ఒక ప్యాసేజ్ దగ్గర మాత్రం, నాకు బాగా తెలిసిన విషయం కావడంతో, చెయ్యి దానంతటదే ఒక ఆప్షన్ మీదికి పోయింది. పెన్ను తీసేశాను. ఏ లైన్ అని నన్ను నేనే అడుక్కున్నాను. లైన్ లేదు. ఇంకొకటి పెట్టాను. బయటికి వచ్చాక దేని కీతో చూసుకున్నా సీశాట్ 80 మార్కులకు తగ్గలేదు.

నిన్నటి లిస్టులో ఖమ్మం అన్న నంబరు లేదు. ఆయనకు ఇది ఆరో అటెంప్ట్, ఇక అవకాశం లేదు. నా నంబరు ముందుగా చూసింది ఆయనే. "ఉంది తమ్ముడూ" అని అరిచి, తర్వాతే తనది వెతుక్కున్నాడు. మెయిన్స్ సెప్టెంబర్ 20 నుంచి. పొద్దున్నే లేచి తెలుగు సాహిత్యం నోట్సు ముందేసుకున్నాను. అన్న ఎదురుగా మంచం మీద కూర్చుని, "ఏదీ, మొదటి ప్రశ్న చదువు" అంటున్నాడు.