నాలుగో శనివారం, చేనులో లెక్కల క్లాసు

ఈరోజు నో బ్యాగ్ డే. పిల్లలకు పండగ, మాకు ఫొటోల పండగ. ఏం చేయించామో సాయంత్రంలోగా గ్రూపులో పెట్టాలి. ఎప్పుడూ బొమ్మలు వేయించడం, అంతాక్షరి ఆడించడం అయిపోతోంది. నాకే విసుగొచ్చింది. రాత్రి కురిసిన వాన పొద్దున తెరిపిచ్చింది కాబట్టి ఆరు, ఏడు తరగతుల పిల్లలను బడి వెనక చెలకలోకి తోలుకుపోయాను. హెడ్మాస్టరుకు చెబితే "పాములు చూసుకో" అన్నాడు, అంతే.

చేను మా ఏడో తరగతి పిల్ల వాళ్ళ అవ్వది. ఎకరం పైన కొంచెం. బాట మీద నుంచి చూస్తే ఉత్త జొన్నచేను. లోపలికి దిగితే ఒక సాలు జొన్న, పక్కన కంది, మధ్యలో పెసర, అనుము, అలసంద, అక్కడక్కడ కొర్ర. గట్టెంబడి పుంటికూర. జహీరాబాద్ చుట్టుపక్కల ఎర్ర చెలకల్లో ఇది కొత్తేమీ కాదు, పన్నెండు పంటలు కలిపి వేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కానీ మా పిల్లల్లో సగం మంది ఇళ్ళల్లో పత్తి, చెరుకు తప్ప ఇంకొకటి వేయడం లేదు. పేర్లు రాయమంటే కొందరు టకటకా రాశారు, కొందరు పక్కవాడి నోటుబుక్కులోకి తొంగిచూశారు. విచిత్రం ఏమిటంటే, తొంగిచూసినవాళ్ళంతా క్లాసులో ఫస్టు, సెకండు వచ్చేవాళ్ళే.

కలుపు తీస్తున్న అవ్వ మమ్మల్ని చూసి నవ్వింది. ఒకడు వంగి ఒక మొక్కను పీకి "సార్, ఈ గడ్డి పేరు గూడ రాయాల్నా?" అన్నాడు.

"గడ్డెట్లైతది బిడ్డా? చెంచలి కూర. పొద్దుగాల గదే తినొచ్చిన," అంది అవ్వ.

అక్కడి నుంచి క్లాసు నా చేతిలో లేదు. చెంచలి, దొగ్గలి, తుమ్మి, గునుగు అని ఆమె వరసగా చూపిస్తూ పోయింది. గునుగంటే బతుకమ్మలో పెట్టే పువ్వని తెలుసు గానీ దాని లేత ఆకు కూర వండుకుంటారని నాకూ తెలియదు. విత్తకుండా, నీళ్ళు పెట్టకుండా వచ్చే కూరలివి. చేనులో కలుపు మందు కొడితే ముందు పోయేవి ఇవే.

పెసర మొక్కనొకదాన్ని మట్టితో సహా పెల్లగించి చూపించాను. వేళ్ళకు ఆవగింజంత బుడిపెలు. గోటితో చిదిమితే లోపల లేత ఎరుపు. ఆ ఎరుపుంటే లోపలి రైజోబియం గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తున్నట్టే. ఆకుపచ్చగానో బూడిదరంగులోనో ఉంటే దాని పని అయిపోయినట్టు. ఈ పాఠం నల్లబల్ల మీద సుద్దముక్కతో ఎన్నోసార్లు చెప్పాను, బొమ్మ కూడా బాగానే గీస్తాను. కానీ ఇవాళ్టిలా పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చూడడం ఎప్పుడూ లేదు. అవ్వకు రైజోబియం పేరు తెలియదు. "పెసర ఏసిన జాగల మర్నాడు జొన్న మంచిగొస్తది" అని మాత్రం తెలుసు. ఆమెకు మర్నాడంటే వచ్చే ఏడు.

అసలు రుచి లెక్కల దగ్గర పడింది. ఈ చేనుకు విత్తనం ఎంత పట్టిందని ఒక పిల్లతో అడిగించాను. "జొన్నలు రెండు మానికెలు, కందులు తవ్వెడు, కొర్రలు సోలెడు. కడమయి పిడికెడు పిడికెడు." రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానికె అని చెప్పేసరికి ఒక పిల్ల వేళ్ళ మీద లెక్కపెట్టి జొన్న, కంది, కొర్ర ఎనిమిది, రెండు, ఒకటి అంది. నిష్పత్తి అన్న మాట నేను ఇంకా అననేలేదు. అప్పుడొకడు లేచి "సార్, పిడికెడంటే ఎవరి పిడికెడు?" అన్నాడు. కొలతలకు ప్రమాణాలు ఎందుకు కావాలో అరగంట చెప్పే నా ఉపన్యాసం ఆ ఒక్క ప్రశ్నతో వృథా అయిపోయింది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో నడిపే చిన్న బడుల్లో మెట్రిక్ మేళా అని పెడతారని చదివాను. పిల్లలే ఊరివాళ్ళ ఎత్తులు, బరువులు కొలిచి లెక్కలు కడతారు. మా దగ్గర మేళా అక్కర్లేదు, ఒక సోల, ఒక తక్కెడ చాలు.

విత్తనాలు ఏ షాపులో కొన్నావని అడిగితే అవ్వ కొంచెం నొచ్చుకుంది. గంపకు పేడ, మట్టి అలికి, బూడిద, వేపాకు కలిపి దాచుకుంటుంది. కరువొచ్చి గింజ పోతే ఊరి ఆడవాళ్ళ సంఘంలో అడిగి తెచ్చుకుని, పంటొచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ తిరిగిస్తారట. వడ్డీ లెక్కలకు ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ పుస్తకంలో ఉంది?

మధ్యాహ్నం పిల్లలు ఒడిలో కట్టుకొచ్చిన చెంచలి కూరను వంట చేసే అక్కలు కడిగి పప్పులో వేశారు. బాగుంది. ఇద్దరు ముగ్గురు ముట్టుకోలేదు. వాళ్ళను బలవంతపెట్టలేదు.

సంగతి ఇక్కడితో ఆగితే ఈపాటికి పడుకునేవాణ్ణి. రెండింటికి ఒక పిల్లవాడి నాయిన వచ్చాడు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. కొడుకును గురుకులంలో చేర్పించాలని తిరుగుతున్నాడు, బోనఫైడ్ సర్టిఫికెట్ కావాలి. కొడుకు ప్యాంటు నిండా ఎర్రమట్టి చూసి ఏందని అడిగాడు. చెప్పాను, కొంచెం గొప్పగానే చెప్పాను. ఆయన కోపంగా ఏమీ అనలేదు. "సార్, కలుపు తీసుడు నేర్పనీకి బడి ఎందుకు? ఇంటికాడ్నే నేర్చుకుంటడు గద. మా నాయినకు గదొక్కటే వచ్చు. గందుకే నేను ఫ్యాక్టరీల ఉన్న" అన్నాడు. సర్టిఫికెట్ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మాట సాయంత్రం బండి మీద ఇంటికొచ్చేదాకా వదల్లేదు. కొట్టిపారేసే మాటా అది? గాంధీ 1937లో వార్ధాలో నయీ తాలీం గురించి సభ పెట్టి, చేతి పని చుట్టూ చదువు నడవాలన్నప్పుడు అందరికీ బాగానే వినబడింది. అదే చేతి పని 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ చేతిలో ఎలా మారింది? బడి పూటకు మూడు గంటలే, మిగతా పొద్దు పిల్లలు ఇంటి పని నేర్చుకోవాలన్నారు. కుమ్మరి కొడుకు కుండలు, చాకలి కొడుకు బట్టలు. జనం దానికి కులవిద్య పథకమని పేరు పెట్టి తిరగబడ్డారు. మరుసటి ఏడు రాజాజీ దిగిపోయారు, తర్వాత వచ్చిన కామరాజ్ దాన్ని ఎత్తేశారు. మంచి పని చేశారు. మన రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి ఎం.వి.ఫౌండేషన్ వాళ్ళు పట్టుబట్టింది కూడా ఇదే కదా. బడికి పోని ప్రతి పిల్లా బాలకార్మికురాలే, రాత్రి బడులూ సగం బడులూ వద్దు, పగటిపూట నిండు బడే కావాలి అని. బర్రెలు కాసే పిల్లలు అలాగే పదో తరగతి దాకా వచ్చారు. ఆ పోరాటం చూసినవాళ్ళెవరికైనా 'పొలంలో చదువు' అంటే ముందు అనుమానమే రావాలి.

మరి మాచ్‌నూర్ సంగతేమిటి? మాకు ఎంతో దూరం కాదు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) వాళ్ళు 1993లో అక్కడ పచ్చసాలె అనే బడి మొదలుపెట్టారు. తెలుగు, లెక్కలు, సైన్సు ఒక చేత్తో, వడ్రంగం, కుట్టుపని, కుండలు, బైండింగు, సాగు ఇంకో చేత్తో. పైపైన చూస్తే రాజాజీ పథకానికి చుట్టంలాగే కనబడుతుంది. కానీ తేడా ఉంది, అది చిన్న తేడా కాదు. అక్కడ కుమ్మరి పిల్లవాడు కుండలకు, వడ్రంగి పిల్లవాడు బాడిసెకు పరిమితం కాడు. ఎవరి పిల్లలైనా అన్నీ పట్టుకుంటారు. పైగా ఆ బడి వెనక ఉన్నది మద్రాసు సచివాలయం కాదు, సంఘం ఆడవాళ్ళు. ఎక్కువమంది దళితులు, గుంట భూమి కోసం కొట్లాడినవాళ్ళు. 2008లో అదే మాచ్‌నూర్‌లో సంఘం రేడియో పెట్టి మైకు ముందు తమ యాసలోనే మాట్లాడింది వాళ్ళే. యాసంగిలో మంచుకే పండే పంటలను సత్యం పంటలని పిలిచేదీ వాళ్ళే. డీడీఎస్‌ను నడిపించి 2023 మార్చిలో పోయిన పి.వి.సతీశ్ గారిని చాలామంది మిల్లెట్ మనిషి అని తలుచుకుంటారు. నాకైతే ఆయన చేసిన పెద్ద పని, ఆ ఆడవాళ్ళు మాట్లాడుతుంటే పక్కకు జరిగి నిలబడడం.

అంటే చేను బడిలోకి రావడం కాదు ముఖ్యం. ఎవరి పిల్లలకు ఏ పని అన్నది పుట్టుక తేల్చకూడదు. ఏం నేర్పాలో చెప్పే చోట అవ్వ కూడా కూర్చోవాలి. పదో తరగతి పరీక్ష దారి మూసుకుపోకూడదు. ఈ మూడూ లేకపోతే ప్రకృతి, పర్యావరణం అని ఎంత అందంగా చెప్పినా ఆ నాయిన మాటకు జవాబు లేదు. జాతీయ విద్యా విధానం 2020 కూడా ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు పదిరోజులు సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి దగ్గర నేర్చుకోవాలంది. సరే. సిటీలో ఏసీ స్కూలు పిల్లవాడికి ఆ పది రోజులు సరదా. మా ఊరి పిల్లవాడు మిగతా ఆదివారాలన్నీ అదే చేనులో కూలికి పోతున్నాడు. ఇద్దరికీ ఒకటే సర్క్యులర్.

ఇంకొక చిక్కు. న్యాల్కల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ అనే పెద్ద పారిశ్రామిక వాడ పేరు మీద 12,000 ఎకరాలకు పైగా తీసుకోవాలని ఏళ్ళుగా నడుస్తోంది. ఈ చేనే ఉంటుందో లేదో చెప్పలేనప్పుడు చేను చుట్టూ చదువు ఎలా కట్టాలి? మా ఆవిడతో అంటే "ఉన్నన్ని రోజులు కట్టండి, పోతే ఎందుకు పోయిందో అయినా పిల్లలకు తెలుస్తది" అని ఫోన్‌లో మునిగిపోయింది. అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ వాళ్ళు 1990లో కొన్నది కూడా బీడు భూమే. ఇవాళ అక్కడ ప్రకృతి బడి ఉంది, ఆ వైపు గుట్టల్లో కల్పవల్లి అడవి ఉంది. అక్కడ పెరుగుతోంది, ఇక్కడ తరుగుతోంది. పిల్లలతో ఈ రెండూ పక్కపక్కన పెట్టి మాట్లాడాలి. సోషల్ క్లాసులో వీలవుతుంది.

ఆ నాయినకు నేనేం చెప్పగలను? కొడుక్కు గురుకులం సీటు వస్తే మంచిదే, సంతోషంగా పంపిస్తాను. ఇంగ్లీషు కావాలి, హాస్టలు కావాలి, అన్నీ నిజమే. కాకపోతే తన తండ్రికి వచ్చింది "గదొక్కటే" అన్నాడే, అక్కడ మాత్రం నాకు గొడవ ఉంది. ఆ గదొక్కటిలో విత్తనాల నిష్పత్తి ఉంది, నేల బలం లెక్క ఉంది, కాగితం లేకుండా నడిచే అప్పు ఉంది. దాన్ని చదువని ఎవరూ అనకపోవడం వల్లే ఆయన దాన్ని వదిలించుకోవాలనుకున్నాడేమో. ఈసారి వస్తే కొడుకు రాసిన నోటుబుక్కు చూపిస్తాను.

రాత్రి హెడ్మాస్టరుకు ఫోన్ చేశాను. వచ్చే నాలుగో శనివారం ఊళ్ళో నలుగురు ఆడవాళ్ళను బడికి పిలుద్దాం, మనం పాఠం చెప్పడం కాదు, పిల్లలను ఆ ఆడవాళ్ళే ప్రశ్నలు అడగనీ అన్నాను. బాగుందన్నాడు. కాసేపాగి, "కలుపుల కాలం గదా, ఆ రోజు వాళ్ళ కూలి పోతది. ఎవరిస్తరు?" అన్నాడు. స్కూల్ గ్రాంటులో సుద్దముక్కలకు, చీపుర్లకు, కరెంటు బిల్లుకు పద్దులున్నాయి గానీ పాఠం చెప్పే అవ్వకు పద్దు లేదు. చివరికి 'ఇతర ఖర్చులు' కింద రాద్దామని, ఆడిట్లో అడిగితే ఇద్దరం చెరి సగం కట్టుకుందామని తేలింది.