తెల్ల టీషర్టు తెచ్చిన చిక్కు

పర్లాకిమిడిలో నేను మొట్టమొదట రిఫరీగా నిలబడిన బాస్కెట్‌బాల్ ఆటకు నిర్వాహకులు మాకు తెల్ల టీషర్టులు ఇచ్చారు. వీపున దాత పేరు ఒడియాలో పెద్ద అక్షరాలతో అచ్చు వేయించారు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య అయిన ఫీబా నియమాల ప్రకారం షెడ్యూలులో ముందుగా పేరున్న జట్టు లేత రంగు, వీలైతే తెలుపు, ధరించాలి కనుక ఆ జట్టూ తెలుపులోనే దిగింది. రెండో క్వార్టరులో ఒక కుర్రవాడు ఓరచూపుతో తెల్లచొక్కాను పసిగట్టి నాకే బంతి విసిరాడు. అది నా మోకాలికి తగిలి అవతలి జట్టు చేతిలో పడింది. రిఫరీకి తగిలిన బంతి ఆయన నిలబడిన చోట నేలకు తగిలినట్లే లెక్క కాబట్టి, ఆట ఆపడానికీ వీలు లేకపోయింది. జనం నవ్వారు, కుర్రవాడు నవ్వలేదు.

ఇటువంటి అనుభవమే 1920లో అమెరికాలోని మిషిగన్‌లో లాయిడ్ ఓల్డ్స్ అనే రిఫరీకి వాళ్ల ఫుట్‌బాల్ ఆటలో ఎదురైంది. తెల్లచొక్కా తొడుక్కున్న ఆయన చేతికే ఒక ఆటగాడు బంతి అందించాడట. ఆ తరువాత ఆయన కుట్టించుకున్న నలుపు తెలుపు చారల చొక్కా అక్కడి పాఠశాలల బాస్కెట్‌బాల్‌కూ పాకింది. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ రిఫరీలది బూడిద రంగు. ఫీబా నియమం మాత్రం రిఫరీ చొక్కా, పొడవాటి నల్ల ప్యాంటు, నల్ల మేజోళ్లు, నల్ల బాస్కెట్‌బాల్ బూట్లు అని ఒక్క వాక్యంతో సరిపెట్టింది.

ఆ వాక్యంలో మా ప్రాంతానికి బరువైనది నల్ల ప్యాంటే. వేసవిలో మధ్యాహ్నం మూడింటికి సిమెంటు కోర్టు మీద, 28 మీటర్ల పొడవునా అటూ ఇటూ పరుగెత్తేవాడికి అది నిప్పుల కుంపటి. నిక్కరు అనుమతించమని అడిగినవాళ్లలో నేనూ ఒకణ్ణి. బూట్ల విషయంలో మాత్రం నాకు సడలింపు నచ్చదు: ఆఫీసు తోలు బూట్లతో వచ్చిన ఒక సహ రిఫరీ దుమ్ముపట్టిన కోర్టులో జారి, ఫౌలు చూడవలసిన క్షణంలో నేల చూశాడు. వాచీ, ఉంగరం తీసివేయడం గురించి వాదన అనవసరం. ఆటగాళ్లకు వద్దని చెప్పేవాడి చేతికి అవి ఉండకూడదు.

రిఫరీ అధికారం ఆటకు 20 నిమిషాల ముందు, కోర్టులో అడుగుపెట్టగానే మొదలవుతుంది. నేను ఇంకా ముందే వెళ్లి, రెండు జట్ల చొక్కాలూ చూసిన తరువాతే నా సంచీ విప్పుతున్నాను. అందులో బూడిద రంగుది ఒకటి, చారలది ఒకటి ఉంటాయి. రెండూ బరంపురంలో కుట్టించినవే. ఆ టైలరు ప్రతిసారీ, "మాస్టారూ, జేబు పెట్టమంటారా?" అని అడుగుతాడు. వద్దంటే, గుడ్డ మిగిలిపోతుందని బాధపడతాడు.