పిరేయస్‌లో ఓడ దిగాక భోజనం ఎక్కడ

సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి ఓడ పనులకు వెళ్లే కుర్రాళ్లకు గ్రీసులోని పిరేయస్ రేవులో నాలుగైదు గంటల షోర్ లీవు (ఓడ దిగి తిరిగే సెలవు) దొరికితే ఇది పనికొస్తుంది. బొమ్మల మెనూ, గుమ్మంలో నిలబడి పిలిచే మనిషి. ఈ రెండూ ఉన్నచోట కూర్చోవద్దు.

వెతకాల్సింది ‘మాయిరియో’. మన మెస్సు లాంటిదే. పొద్దున్నే వండి ట్రేలలో పెట్టేస్తారు, భాష రాకపోయినా వేలు చూపిస్తే వడ్డిస్తారు. ఒంటిగంట, మూడు మధ్య వెళ్లాలి. నాలుగు దాటాక మంచి కూరలు ఉండవు. పిరేయస్‌లో ఆకుపచ్చ లైను మెట్రో ఎక్కి ఏథెన్స్‌లో మొనస్తిరాకి స్టేషన్లో దిగి, అథినాస్ వీధిలో ఒమోనియా వైపు నడిస్తే వర్వాకియోస్ మార్కెట్ వస్తుంది. అలాంటి పాత హోటళ్లు అక్కడ మాంసం కొట్ల మధ్యే ఉన్నాయి. ఆదివారం మార్కెట్ మూత.

చవకా, మన నోటికి దగ్గరా అంటే ‘లదెరా’, నూనెలో మగ్గిన కూరలు. బెండకాయ టమాటా అయితే ‘బామ్యెస్’, బీన్స్ అయితే ‘ఫసొలాకియా’. గోరువెచ్చగానే పెడతారు, అది వాళ్ల పద్ధతి. చల్లారిందని వెనక్కి పంపకండి. ‘ఫావా’ అచ్చం ముద్దపప్పే, పోపు ఒక్కటే తక్కువ. పైన ఉల్లిపాయ, ఆలివ్ నూనె, నిమ్మరసం. వేసవిలో ‘వ్లీతా’ అడగండి, ఉడికించిన తోటకూర తెస్తారు!

చేపల్లో ‘గావ్రోస్’ అంటే మన నెత్తళ్లే, పిండిలో పొర్లించి వేపుతారు. ప్లేటు లెక్కన అమ్ముతారు కాబట్టి భయం లేదు. పెద్ద చేపలకు మెనూలో రాసేది కిలో ధర. దాన్ని ప్లేటు ధర అనుకునే చాలామంది దెబ్బతింటారు. వండకముందే ఎదురుగా తూయించండి. పేరు పక్కన నక్షత్రం గుర్తు (*) ఉంటే చాలాచోట్ల గడ్డకట్టించి నిల్వ ఉంచిన సరుకని అర్థం.

గొడ్డు మాంసం తిననివాళ్లు ‘మొస్కారి’ అన్న మాట గుర్తుపెట్టుకోవాలి, అది గొడ్డు మాంసమే. ముసకా (వంకాయ పొరల వంటకం), పస్తీచ్యో (మాకరోనీ పొరల వంటకం)లలో ఖీమా ఎక్కువగా అదే. ‘హిరినో’ పంది, ‘కొతోపులో’ కోడి. మార్కెట్లో పేరున్న ‘పత్సాస్’ పశువుల పొట్ట, కాళ్లతో కాచే పులుసు, తెలిసే తినండి.

తలో ప్లేటు చెప్పకండి, మిగిలిపోతుంది. నలుగురికి రెండు లదెరా, ఒక ఫావా, ఒక గావ్రోస్, ఒక ఆకుకూర సరిపోతాయి. అడగకుండానే వచ్చే బ్రెడ్డుకు తలకింత వేస్తారు, వద్దంటే రాగానే చెప్పాలి. కుళాయి నీళ్లు ఊరికే ఇస్తారు, సీసా తెస్తే డబ్బు. వైను కిలోల్లో కొలుస్తారు, అరకిలో అంటే అర లీటరు. బిల్లు కాగితం ఇవ్వకపోతే డబ్బు కట్టనక్కర్లేదని అక్కడి చట్టం, మెనూలోనే రాసి ఉంటుంది.

కారం మాత్రం ఆశించకండి. సువ్లాకి (పుల్లకు గుచ్చి కాల్చిన మాంసం) కొట్లో ‘బూకొవో’ అంటే కచ్చాపచ్చా దంచిన ఎండుమిరప చల్లుతారు, అంతే.