నక్ష, జంపఖానా, ఒక టేబుల్ కంప్యూటర్

మొన్న దసరాకు ఊరికి పోతే పొలం పంపకాల ముచ్చట మళ్లొచ్చింది. పరకాల దిక్కు మా ఊరు, బాపు వాళ్లు ముగ్గురన్నదమ్ములు, తాత పోయి పదకొండేండ్లైనా భూమి ఇంక కలిసే ఉన్నది, ఈసారన్న తేల్చుకుందాం అని అందరం వాకిట్ల కూసున్నం. నక్ష ఏమో మా చిన్న కాక ఫోన్ల ఉన్నది.

అరచెయ్యంత స్క్రీన్ మీద పదిహేనెకరాల నక్ష. కాక ఒక్కడే వేళ్లతోటి పెద్దగ చేసుకుంటడు, "ఇగో ఇది బాయి" అని బాపు దిక్కు ఫోన్ తిప్పుతడు, తిప్పంగనే బొమ్మ కూడ తిరిగి బాయి ఏడనో పోతది. బాపు కండ్లద్దాలు వెట్టుకొని చేతికి తీసుకుంటే ఆయన బొటనవేలు తాకి నక్ష ఇంకో దిక్కు ఉరుకుతది. ఇట్ల అరగంట అయినంక పెద్ద కాక "నాకు చూపియ్యకుంటనే అన్నీ మాట్లాడుకుంటున్రు" అని లేచి పోయిండు. ఆయన మీద నాకు కోపం రాలే. నక్ష ఎవల చేతుల ఉంటే మాట కూడ వాళ్లదే అయితది, ఆ రోజు వాకిట్ల నాకు బాగ అర్థమైంది అది.

నేను హైదరాబాద్ల సాఫ్ట్‌వేర్ పని చేస్త, స్క్రీన్ మీద ఏ బటన్ ఏడ ఉండాలె, మనిషి వేలు ఎటు పోతది అనేదే నా పని. అందుకే ఆ రాత్రి నిద్ర పట్టలే, 2012ల చూసిన ఒక టేబుల్ యాదికొచ్చింది.

అప్పుడు నేను పని చేసే కంపెనీల రిసెప్షన్ కాడ మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ అనే టేబుల్ ఉండె. ఇప్పుడు సర్ఫేస్ అంటే అందరికి ట్యాబ్లెట్, ల్యాప్‌టాప్ యాదికొస్తయి గని ముందుగాల ఆ పేరు పెట్టింది ఈ టేబుల్‌కే, 2007 మే నెలల బయట పెట్టిన్రు, 2012ల ఆ పేరు ట్యాబ్లెట్లకు పోయి దీన్ని పిక్సెల్‌సెన్స్ అన్నరు. పైన ముప్పై ఇంచుల స్క్రీన్, లోపట ఒక ప్రొజెక్టర్ కింది నుంచి బొమ్మ వేస్తది, మన కంటికి కనవడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు కూడ కింది నుంచే వస్తది, మనం వేలు పెడితే ఆ వెలుగు వేలికి తగిలి వెనుకకు పోతది, దాన్ని లోపటున్న ఐదు కెమెరాలు పట్టుకుంటయి. అంటే అది తాకుడును చూస్తది, కండ్లున్న టేబుల్ అన్నట్టు. ఎండ పడితే దానికి గందరగోళం, అందుకే మా ఆఫీసుల ఆ కిటికీకి ఎప్పుడు పరదా వేసే ఉంచేది.

ఒకరోజు పొద్దున టేబుల్ తుడిచే అక్క బట్ట పెట్టంగనే ఫొటోలన్నీ ఆ బట్ట ఎంట పోయినయి. ఆమె భయపడి చెయ్యి తీసేసింది, "ఏం కాదక్కా" అంటే మళ్ల మెల్లగ ఒక ఫొటోను వేలితోటి నా దిక్కు నూకింది, నేను ఇంకోటి ఆమె దిక్కు నూకిన, పక్కకున్న ఇద్దరు కూడ వచ్చిన్రు, పది నిమిషాలు నలుగురం దానిమీదనే ఉన్నం. మౌస్ పట్టుడు ఎట్లనో ఆమెకు ఎవలూ నేర్పలే, అవసరం కూడ పడలే.

కంప్యూటర్ చరిత్ర ఎవలు చెప్పినా చిల్లుల కార్డులు, కీబోర్డు, మౌస్, టచ్ అని వరుసగ చెప్తరు. నాకు ఆ వరుసల ఒకటి తప్పిపోయిందనిపిస్తది. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోల డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే అమెరికా ఇంజనీరు మౌస్‌ను నలుగురి ముందు పెట్టి గంటన్నర సేపు చూపించిండు కద, అదే రోజు ఇంకోటి కూడ చూపించిండు. మెన్లో పార్క్‌ల కూసున్న తన తోటి పనివాడు, అంటే రమారమి యాభై కిలోమీటర్ల దూరం, మన హనుమకొండకు జనగామకు ఉన్నంత అనుకోండి, ఆ మనిషి ఈయన ఇద్దరు ఒకటే స్క్రీన్ మీద పని చేసిన్రు, ఎవల పాయింటర్ వాళ్లది. అంటే ఇద్దరు కలిసి వాడుడు అనే ఆలోచన మౌస్ ఎంట పుట్టిందే. లోకం మౌస్ తీసుకున్నది, రెండో మనిషిని వదిలేసింది. 1973ల జిరాక్స్ ఆల్టో కంప్యూటర్, 1984ల ఆపిల్ మ్యాకింతోష్, అన్నీ ఒక కుర్చీ ఒక మనిషి. ఫోన్ అయితే మరీ, జేబులకు పోయింది.

వదిలేసిన ఆ మనిషిని మళ్ల పిలిచింది టేబుళ్లు చేసినోళ్లే. 1991ల పియర్ వెల్నర్ అనే పరిశోధకుడు డిజిటల్‌డెస్క్ అని చేసిండు, బల్ల మీద పైనుంచి కెమెరా, ప్రొజెక్టర్. కాగితం మీదున్న అంకెను వేలితోటి చూపిస్తే అది క్యాల్కులేటర్ల పడేది. నాకు మాత్రం అన్నిటికన్న ఇష్టమైనది 2001ల మిత్సుబిషి ల్యాబ్‌ల చేసిన డైమండ్‌టచ్. టేబుల్ కింద సన్నటి యాంటెన్నాలు, ఒక్కోటి ఒక్కో తీరు సిగ్నల్ ఇస్తది, నువ్వు తాకితే ఆ సిగ్నల్ నీ వేలి నుంచి ఒంట్లకెళ్లి నువ్వు కూసున్న కుర్చీకి చేరుతది. ఏ కుర్చీకి చేరిందో చూసి తాకింది ఎవలో చెప్తది! ఈ గెట్టు జరిపింది పెద్ద కాకనా చిన్న కాకనా, అది టేబుల్‌కే తెలుస్తది. ఇప్పుడు నా చేతిలున్న ఫోన్‌కు వేలు తెలుసు గని, పక్కపక్కన ఇద్దరు తాకితే ఏ వేలు ఎవలదో తెల్వదు.

మరి ఎందుకు నిలవలే అంటే, ఒకటి ధర. ఆ సర్ఫేస్ టేబుల్ దగ్గర దగ్గర పదివేల డాలర్లు, అప్పటి లెక్కల నాలుగు లక్షలు. అదే 2007ల ఐఫోన్ కూడ వచ్చింది, జనం వేళ్లు అటు పోయినయి. రెండోది నిజంగ కష్టమైన సంగతి: నలుగురు నాలుగు దిక్కుల కూసుంటే ఎవలకు నిలువు, ఎవలకు తలకిందులు? ఫొటో అయితే తిప్పుకోవచ్చు. నక్షను ఒకలి కోసం తిప్పితే మిగిలిన ముగ్గురికి తప్పుతది.

ఇక్కడనే మా తాత యాదికొచ్చిండు. నాకు ఎనిమిదేండ్లప్పుడు ఆయన తన తమ్ముళ్లతోటి పంచుకునే దినం ఇదే వాకిట్ల కొత్తవాడ జంపఖానా పరిచి (2018ల జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ జాగ నేతే అనే సర్కారు ముద్ర, వచ్చింది ఆ నేతకు, వచ్చినప్పుడు మస్తు సంతోషమైంది నాకు) దానిమీద బట్ట నక్ష పెట్టిండు. పెట్టి ఊకోలే, నక్షల చెరువు నిజం చెరువు దిక్కు వచ్చేదాక తిప్పిండు. ఇగ ఎవలు ఏ దిక్కు కూసున్నా వాళ్లకు సరిగ్గనే ఉన్నది, చెయ్యి చాపితే బొమ్మల బాయి, ఇంకింత చాపితే అసలు బాయి. పేర్లు తలకిందులుంటే ఏంది, చదువుకునేటోళ్లు ఎందరున్నరని అక్కడ. ఇన్నేండ్లు స్క్రీన్లు చేసిన నాకు ఈ సంగతి ముందే తట్టాలె.

తెల్లారి హనుమకొండ పోయి నక్షను ఆరడుగుల ఫ్లెక్సీ కొట్టించుకొచ్చిన. వాకిట్ల జంపఖానా పరిచి, చెరువు దిక్కు చెరువు పెట్టి, బాపమ్మ డబ్బల నుంచి చింతగింజలు తెచ్చి కుప్ప పోసిన. బాపు బాయి మీద ఒక గింజ పెట్టిండు. చిన్న కాక గెట్టు పొంటి వరుసగ పేర్చిండు. పెద్ద కాకను పిలిస్తే "వస్త తీ" అని చాలాసేపటికి వచ్చి, నిలవడి చూసి, కూసోని, ఆ వరుసల మూడో గింజను జానెడు ఇవతలికి జరిపిండు.

బాపు దాన్ని మళ్ల జరపలే. "ఎందుకురా అక్కడ?" అని అడిగిండు.