డాక్టర్లు చేతులెత్తెయ్యలేదు

మా చర్చి సంఘంలో సాక్ష్యం చెప్పేవాళ్లు దాదాపు అందరూ ఒకే మాటతో మొదలుపెడతారు: "డాక్టర్లు చేతులెత్తేశారు." ఆ మాట పడగానే వెనక బెంచీల్లోంచి "స్తోత్రం" అని వినపడుతుంది. తమ్ముడు లేచి నడిచాక అయ్యగారు మా అమ్మను కూడా సాక్ష్యం చెప్పమన్నారు. అమ్మ మైకు పట్టుకుని, కొంగు సర్దుకుని, "మావాడి విషయంలో డాక్టర్లు చేతులెత్తెయ్యలేదండీ" అంది. స్తోత్రం ఎక్కడ చెప్పాలో ఎవరికీ తెలియలేదు.

అమ్మ ఐదు నిమిషాల్లో ముగించింది. నేను కొంచెం ఎక్కువ చెబుతా.

2023 ఆగస్టు. తమ్ముడు చీమకుర్తి క్వారీల్లో టిప్పర్ తోలేవాడు. బండి సొంతదే, ఫైనాన్సు మీద తీసుకున్నాడు. ఒక పెళ్లిలో తిని వచ్చాక మూడు రోజులు విరేచనాలయ్యాయి. తగ్గాయి, మర్చిపోయాం. పది రోజులకు అరికాళ్లలో తిమ్మిర్లన్నాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ బలానికని సూదేశాడు. మర్నాడు మధ్యాహ్నం క్వారీ నుంచి ఫోను. "అక్కా, క్లచ్చి తొక్కలేకపోతన్నా. కాలు నాది కానట్టుంది." సాయంత్రానికి అరుగు మెట్టు ఎక్కలేకపోయాడు. తెల్లారేసరికి మంచినీళ్ల గ్లాసు ఎత్తలేకపోయాడు.

ఒంగోల్లో డాక్టరు చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టాడు. కాలు ఎగరలేదు. రెండో కాలూ అంతే. గిలియన్ బారీ సిండ్రోమ్ అయ్యుండొచ్చు, ఊపిరి కండరాలకు పాకితే కష్టం, వెంటిలేటరున్న చోటికి వెంటనే తీసుకెళ్లండి అన్నాడు. నెల్లూరు బయల్దేరాం.

అంబులెన్సులో ఉన్న కుర్రాడు దారి పొడుగునా తమ్ముడితో ఒకటే పని చేయించాడు: గట్టిగా ఊపిరి పీల్చుకుని, ఆ ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలడో చూడ్డం. టంగుటూరు దగ్గర 22. ఉలవపాడు దగ్గర 17. కావలి దాటాక 11. నాయన ముందు సీట్లో కూర్చుని ప్రార్థన చేస్తున్నాడు. నాకు మాత్రం ప్రార్థన రాలేదు. వాడు 11 దగ్గర ఆగినప్పుడు నా నోటి నుంచి "పన్నెండు" అని వచ్చింది, అంతే.

నెల్లూరు డాక్టరమ్మ మా భాషలో చెప్పింది. నరం అంటే కరెంటు వైరు, దాని మీద తొడుగుంటుంది. విరేచనాల క్రిమి మీదికి లేచిన ఒంటి రక్షణ దళం, క్రిమి పోయాక ఆ తొడుగు మీద పడింది. మందు ఇమ్యూనోగ్లోబ్యులిన్. కిలో బరువుకు రోజుకు 0.4 గ్రాములు, ఐదు రోజులు. వాడు 70 కిలోలు, అంటే మొత్తం 140 గ్రాములు. అమ్మ తన గాజులూ గొలుసూ తూకం వేయించిన రోజు నాయనతో అంది: "ఇదీ గ్రాములే, అదీ గ్రాములే."

ఆ మందు దేంతో చేస్తారని నాయన అడిగాడు. వెయ్యి మందికి పైగా మనుషులిచ్చిన రక్తంలోని ప్లాస్మాను కలిపి, అందులోంచి తీస్తారంది డాక్టరమ్మ. నాయన సంఘ పెద్ద. యేసు రక్తం మీద పాటలు మేం ఊహ తెలిసినప్పట్నుంచీ పాడుతున్నాం. సీసాలోంచి ఒక్కో చుక్కా దిగుతుంటే ఆయన చెప్పులు విడిచి నిలబడ్డాడు. నర్సు కూర్చోమన్నా కూర్చోలేదు.

మందు పడగానే లేచి కూర్చుంటాడనుకున్నాం. అలా జరగదట. మూడో రోజు గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. పన్నెండో రోజు మెడ దగ్గర రంధ్రం చేశారు. ముఖం కూడా చచ్చుబడింది. రెప్పలు పూర్తిగా మూసుకోకపోతే చుక్కలు వేసి టేపు అంటించేవాళ్లు. లోపల మాత్రం తెలివి పూర్తిగా ఉంది. దుప్పటి తగిలినా నొప్పేనని తర్వాత చెప్పాడు.

ఆ రోజుల్లోనే స్వస్థత కూడికలు పెట్టే ఒకాయన, మా బంధువులిచ్చిన నంబరుకు ఫోన్ చేశాడు. మందులు ఆపేసి విశ్వాసం చూపిస్తే ఏడు రోజుల్లో లేస్తాడన్నాడు. నాయన ఓపిగ్గా విన్నాడు. "అయ్యా, బైబిల్లో హిజ్కియా రాజు చావు జబ్బులో ఏడ్చి ప్రార్థన చేశాడు. దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు పెంచాడు. ఆ కబురు తెచ్చిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద వెయ్యమన్నాడు కదా. వైద్యం వద్దన్లేదే!" అవతల ఫోను పెట్టేశారు. మా నాయన అంత గట్టిగా మాట్లాడ్డం నేను చూడ్డం అదే మొదలు.

ఒక నర్సు మాకో ఉపాయం నేర్పింది. వాడి కనుగుడ్లు కదులుతున్నాయి కాబట్టి, మనం అడగాలి, అవునంటే పైకి చూడాలి. అక్షరాలతో ప్రయత్నించాం. మన అక్షరాలు, గుణింతాలు, ఒత్తులతో అది తెమిలే పని కాదు. చివరికి అంకెలకు దిగాం. మా పాటల పుస్తకంలో ప్రతి పాటకూ నంబరుంటుంది. ముందు పదులు, తర్వాత ఒకట్లు చదువుతాను, వాడు పైకి చూసిన దగ్గర ఆగుతాను. ఆ నంబరు పాట అమ్మ వాడి చెవి దగ్గర, పక్క మంచానికి వినపడనంత చిన్నగా పాడుతుంది.

ఒక వారం వాడు రోజూ 15 దగ్గరే ఆగాడు. అమ్మ ఆ పాట పాడేది. వాడి కళ్లలో నీళ్లు తిరిగేవి. అమ్మకు అది మామూలు నంబరు కాదు, హిజ్కియా పదిహేనేళ్లు. దేవుడు మాటిచ్చాడని ఊళ్లోకి ఫోన్లు చేసింది. ఐదో రోజు నా బ్యాగులో ఉన్న వాడి ఫోన్‌కి ఫైనాన్సు వాళ్ల మెసేజ్ వచ్చింది: 15వ తేదీ కిస్తీ కట్టలేదని. లోపలికెళ్లి, "టిప్పర్ కిస్తీ గురించా రా?" అన్నాను. కళ్లు పైకి వెళ్లాయి, ఎంతకీ కిందికి దిగలేదు.

అమ్మకు చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే కట్టండి మరి" అంది.

కట్టింది మాత్రం మా సంఘం ఆడవాళ్లు. మా ఇళ్లల్లో వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు, దేవుడి పేరిట. ఆ పిడికెడు బియ్యం అమ్మిన డబ్బు గుడి పెయింటింగుకని దాచిపెట్టారు. అది కిస్తీకి పోయింది. మా గుడి గోడలు ఇప్పటికీ పెచ్చులూడుతూనే ఉన్నాయి. స్త్రీల సమాజం వాళ్లు వంతులేసుకుని ఇద్దరిద్దరు రైల్లో నెల్లూరొచ్చి, మూడేసి రోజులు అమ్మకు తోడున్నారు. ముక్కు గొట్టంలోకి పోసే రాగిజావ పలచటి గుడ్డలో వడకట్టేది వాళ్లే. రెండుసార్లు వడకట్టకపోతే గొట్టం పూడిపోతుంది.

మా జేజి మంచంలోంచి కదల్లేదు గానీ రోజూ ఫోన్లో ధైర్యం చెప్పేది. వాళ్ల తాత 1878 జులై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, అమెరికా మిషనరీ క్లౌ దొరగారి కాలంలో ఒక్క రోజున బాప్తిస్మం పొందిన 2,222 మందిలో ఒకడని ఆమె నమ్మకం. మా వైపు ప్రతి ఇంట్లోనూ అలాంటి తాత ఒకడున్నాడు. అందరినీ లెక్కేస్తే ఇరవై వేలు దాటుతారు. "ధాతు కరువు దాటొచ్చిన రక్తంరా మనది" అనేది జేజి, ఆ బాప్తిస్మాలకు ముందు 1876-78లో వచ్చిన పెద్ద కరువును తలుచుకుని. అప్పుడు నాకు చిరాకేసేది.

31 రోజులకు వెంటిలేటర్ తీశారు. ముందు భుజాలు కదిలాయి. వేళ్లూ పాదాలూ అన్నిటికంటే వెనక వచ్చాయి. మెడ గొట్టానికి మూత పెట్టి మాట్లాడమన్న రోజు నాయన, అమ్మ, నేను మంచం చుట్టూ నిలబడ్డాం. అమ్మ స్తోత్రం చెప్పడానికి సిద్ధంగా ఉంది. వాడు గరగరమంటూ, "ముక్కు... దురద" అన్నాడు. నెల రోజుల దురద. అమ్మే గోకింది.

ఆ తర్వాతి పది నెలలూ ఫిజియోథెరపీ. కూర్చోబెట్టడం, నిలబెట్టడం, వాకర్, పడిపోవడం, ఫిజియో కుర్రాడిని బూతులు తిట్టడం, సాయంత్రం క్షమాపణ చెప్పడం. పాదం వేలాడకుండా ప్లాస్టిక్ పట్టీ. చెప్పు ఊడిపోయినా వాడికి తెలిసేది కాదు, వెనక నేను ఏరుకుంటూ నడిచేదాన్ని. 2025 జనవరిలో పుణెలో ఇదే జబ్బు చాలామందికొచ్చిందని టీవీలో చూసి, మా ఇంటికి వరసగా ఫోన్లు. తమ్ముడే మాట్లాడేవాడు. "ముందు ఆస్పత్రికి పొండి, ప్రార్థన దారిలో చేసుకోవచ్చు" అనేవాడు. నాయన పక్కనే ఉండి విని ఊరుకునేవాడు.

టిప్పర్ అమ్మేశాం. ఇప్పుడు క్వారీ ఆఫీసులో లోడ్లు రాస్తున్నాడు. మెట్లు ఎక్కుతాడు, పరిగెత్తలేడు.

ఆ అలవాటొకటి మాత్రం పోలేదు. రాత్రి అన్నం దగ్గర అమ్మ, "ఇంకాస్త పులుసు వెయ్యనా?" అంటే, ఫోన్ చూసుకుంటూనే తల కదపకుండా కళ్లు పైకెత్తుతాడు.

"నోరుంది కదరా, నోటితో చెప్పు" అంటుంది అమ్మ, వేస్తూనే.